జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫిజిక్స్: సాయంత్రానికి ఒక్క లెక్క

అడ్వాన్స్‌డ్ రిజల్ట్స్ 2025 జూన్ 2న వచ్చాయి, అప్పట్నుంచి కాలేజీ జూనియర్లు, మా పిన్ని వాళ్ళబ్బాయి, వాడి ఫ్రెండ్స్, అందరూ ఒకటే అడుగుతున్నారు, అక్కా ఫిజిక్స్ ఎలా చదివావ్ అని. ఫోన్లో చెప్తే సగం కూడా చెప్పలేకపోతున్నా, అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా. మ్యాథ్స్, కెమిస్ట్రీ జోలికి పోను, వాటి గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నాకు ప్రాణం ఫిజిక్సే.

ముందు పరీక్ష సంగతి. ఈసారి ఐఐటీ కాన్పూర్ వాళ్ళు పెట్టారు, 2025 మే 18 ఆదివారం, పొద్దున 9 నుంచి 12 దాకా పేపర్ 1, మధ్యాహ్నం 2:30 నుంచి 5:30 దాకా పేపర్ 2, రెండూ రాయాల్సిందే. ఒక్కో పేపర్లో ఒక్కో సబ్జెక్టుకి 16 ప్రశ్నలు, 60 మార్కులు. అంటే మూడు గంటల్లో 48 ప్రశ్నలు. అదే మన రాష్ట్ర ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఎప్‌సెట్ అయితే అదే మూడు గంటల్లో 160. ఎప్‌సెట్ మే మొదట్లో అయిపోయింది, మళ్ళీ రెండు వారాల్లో అడ్వాన్స్‌డ్, ఒకదాంట్లో నిమిషానికో బిట్ కొట్టిన చెయ్యే ఇంకోదాంట్లో ఒక ప్రశ్న ముందు నాలుగు నిమిషాలు కూర్చోవాలి. మన దగ్గర పిల్లలకి ఆ మొదటిది నేర్పినంత బాగా రెండోది నేర్పరు. నేను ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం కూడా ఇదే.

ఇంకో విషయం చాలామంది ఇళ్ళల్లో తెలీదు. 2025లో కామన్ ర్యాంక్ లిస్ట్‌లోకి, అంటే అన్ని కేటగిరీల వాళ్ళకీ కలిపి వేసే లిస్ట్‌లోకి రావడానికి కావాల్సింది 360కి 74 మార్కులు. 2024లో 109, అంతకు ముందు ఏడాది 86. ఫస్ట్ ర్యాంక్ వచ్చిన అబ్బాయికి 332. రెండు పేపర్లూ రాసినవాళ్ళు 1,80,422 మంది, అందులో క్వాలిఫై అయ్యింది 54,378 మంది. పదో తరగతిలో నూటికి తొంభై ఐదు వచ్చిన పిల్ల మాక్ టెస్ట్‌లో ఫిజిక్స్‌కి అరవైకి ఇరవై తెచ్చుకుంటే ఇంట్లో వాళ్ళు గుండెలు బాదుకుంటారు, కానీ ఇరవై అంటే నిజంగా బాగా రాసినట్టే. ఈ లెక్క ముందే అమ్మానాన్నలకి కూర్చోబెట్టి చెప్పండి. మా ఇంట్లో నేను చెప్పా, ఆ తర్వాత మార్కులడగడం తగ్గిపోయింది, నిద్రపోయావా తిన్నావా అని మాత్రమే అడిగేవాళ్ళు, అది నాకు చాలా పెద్ద సాయం.

ఇప్పుడు చదువు. నేను ఖమ్మం దగ్గర ఊళ్ళో పది దాకా తెలుగు మీడియం, తర్వాత రెండేళ్ళు రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ. అక్కడ ఎలా ఉంటుందో ఇది చదివేవాళ్ళలో సగంమందికి తెలుసు, పొద్దున్నే లేపడం, క్లాసులు, స్టడీ అవర్లు, వారం చివర పరీక్ష, మళ్ళీ ఆ పరీక్ష మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చడం. వర్క్‌షీట్ల మీద వర్క్‌షీట్లు. ఒక చాప్టర్ పూర్తిగా బుర్రకి ఎక్కకముందే తర్వాతది మొదలు. ఇంటర్ బోర్డు పరీక్షకి అయితే ఆ పద్ధతి సరిపోతుంది, ఎనిమిది మార్కుల డెరివేషన్లు బట్టీ పట్టి నీట్‌గా రాస్తే 60కి 60 వేస్తారు. అడ్వాన్స్‌డ్‌కి అది సరిపోదు, ఎందుకో ఒక లెక్కతో చూపిస్తా.

మాకు ఎలక్ట్రోమాగ్నెటిక్ ఇండక్షన్ చెప్పిన సర్ ఒకాయన ఉన్నారు. ఆయన స్టడీ అవర్‌లో ఒక పాత లెక్క ఇచ్చారు, అందరికీ తెలిసిందే, రెండు పట్టాల మీద అడ్డంగా ఒక రాడ్, నిలువుగా అయస్కాంత క్షేత్రం, పట్టాల చివర ఒక రెసిస్టర్, రాడ్‌ని స్థిరమైన బలంతో లాగుతుంటాం. వేగం పెరిగేకొద్దీ కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగేకొద్దీ వెనక్కి లాగే బలం పెరుగుతుంది, చివరికి రెండు బలాలూ సమానమై వేగం పెరగడం అక్కడే ఆగిపోతుంది. ఆ చివరి వేగం, టెర్మినల్ వెలాసిటీ, ఎఫ్ ఆర్ బై బీ స్క్వేర్ ఎల్ స్క్వేర్ (ఎఫ్ లాగే బలం, ఆర్ రెసిస్టెన్స్, బీ అయస్కాంత క్షేత్రం, ఎల్ పట్టాల మధ్య దూరం). అందరం చేసేశాం. సర్ చూసి, "వచ్చింది కదమ్మా, ఇప్పుడు రెసిస్టర్ పీకేసి కెపాసిటర్ పెట్టండి" అని వెళ్ళిపోయారు.

ఫార్ములా షీట్‌లో అది లేదు. కూర్చుని మొదట్నుంచి రాసుకోవాల్సిందే. కెపాసిటర్ మీద ఛార్జి వేగానికి అనుపాతంలో ఉంటుంది, కాబట్టి కరెంటు వేగానికి కాదు, త్వరణానికి అనుపాతంలో వస్తుంది. ఆ ఒక్క ముక్క కాగితం మీద కనపడగానే మొత్తం విడిపోతుంది. న్యూటన్ రెండో నియమం రాస్తే త్వరణం ఈక్వల్ టు ఎఫ్ బై, ఎమ్ ప్లస్ బీ స్క్వేర్ ఎల్ స్క్వేర్ సీ (ఎమ్ రాడ్ ద్రవ్యరాశి, సీ కెపాసిటెన్స్). అంటే త్వరణం స్థిరం! రెసిస్టర్ ఉన్నప్పుడు ఎక్కడో పెరగడం ఆగిపోయిన రాడ్ వేగం ఇప్పుడు ఆగకుండా పెరుగుతూనే పోతుంది, కాకపోతే కొంచెం బరువుగా, ఎడ్లబండి మీద ఇంకో బస్తా వేసినట్టు. ఆ బీ స్క్వేర్ ఎల్ స్క్వేర్ సీ అనేది అచ్చంగా ద్రవ్యరాశిలాగే పని చేస్తుంది, కావాలంటే యూనిట్లు చూసుకోండి, కిలోగ్రాములే వస్తాయి. నేను ఆరోజు యూనిట్లు రెండుసార్లు చూసుకున్నా, అంత ముచ్చటేసింది.

తర్వాత కెపాసిటర్ తీసి ఇండక్టర్, అంటే తీగ చుట్ట, పెట్టా. ఈసారి లాగే బలం లేకుండా రాడ్‌కి మొదట్లో కాస్త వేగం ఇచ్చి వదిలేశా. ఇప్పుడు కరెంటు రాడ్ ఎంత దూరం జరిగిందో దాన్ని బట్టి వస్తుంది, దూరాన్ని బట్టి వచ్చే బలం వెనక్కి లాగితే ఏమవుతుంది, స్ప్రింగే కదా, రాడ్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, సింపుల్ హార్మోనిక్ మోషన్. అదే రాడ్, అవే పట్టాలు, చివర పెట్టిన వస్తువు మారితే ఒకసారి బ్రేకు, ఒకసారి బరువు, ఒకసారి స్ప్రింగు. ఆ సాయంత్రం నేను చేసింది ఒక్క లెక్కే, పక్క బెంచీ అమ్మాయి వర్క్‌షీట్ అంతా పూర్తి చేసింది, కానీ ఆ తర్వాత ఇండక్షన్‌లో ఏ ప్రశ్న చూసినా నాకు భయం వెయ్యలేదు. అప్పట్నుంచి వీలైనన్ని సాయంత్రాలు అలాగే చదివా. ఒక లెక్క తీసుకోవడం, చెయ్యడం, తర్వాత అందులో ఒక్క వస్తువు మార్చడం. రొటేషన్‌లో దొర్లే డిస్క్ బదులు రింగ్ పెడితే ఏంటి, నేల ఫ్లాట్‌గా కాకుండా గిన్నెలా వంపుగా ఉంటే ఏంటి, జారుతూ మొదలైతే ఏంటి. కాలేజీలో టార్గెట్ పూర్తి కాలేదని అడిగేవాళ్ళు, అడగనీ, వాళ్ళ లెక్క వాళ్ళది.

ఇంకొకటి, ప్రాక్టికల్స్. దీని మీద నాకు చాలా కోపం ఉంది, దాచుకోను. మా కాలేజీలో ల్యాబ్ తలుపు తీసేదే బోర్డు ప్రాక్టికల్స్ ముందు కొన్ని రోజులు, అప్పటిదాకా రికార్డులు చూసి కాపీ చెయ్యడమే. చిన్న చిన్న పొడవులు కచ్చితంగా కొలిచే వెర్నియర్ కాలిపర్స్ రికార్డులో మొదటి ప్రయోగం, దాన్ని చేత్తో పట్టుకోకుండానే రీడింగులు రాసేసిన పిల్లలు ఎంతమంది ఉంటారో. అడ్వాన్స్‌డ్ వాళ్ళు సరిగ్గా అక్కడే పట్టుకుంటారు. 2016 పేపర్ తీసి చూడండి, రెండు కాలిపర్స్ ఇచ్చారు, రెండిట్లోనూ మెయిన్ స్కేల్ మీద సెంటీమీటర్‌కి పది గీతలు. మొదటిదాంట్లో పది వెర్నియర్ గీతలు తొమ్మిది మెయిన్ గీతలకి సమానం, మామూలుదే. రెండోదాంట్లో పది వెర్నియర్ గీతలు పదకొండు మెయిన్ గీతలకి సమానం! లీస్ట్ కౌంట్ (కాలిపర్స్ కొలవగలిగే అతి చిన్న పొడవు) ఫార్ములా బట్టీ పట్టినవాళ్ళకి అక్కడ మైనస్ వస్తుంది. అసలు కాలిపర్స్ ఎలా చదువుతామో తెలిసినవాళ్ళకి అయితే ఏమీ లేదు, ఏడో వెర్నియర్ గీత ఏ మెయిన్ గీతతో కలిసిందో చూడు, 3.6 దగ్గర కలిసింది, అందులోంచి ఏడు వెర్నియర్ గీతల పొడవు 0.77 తీసెయ్, 2.83 సెంటీమీటర్లు. మొదటిదానికి మామూలుగానే 2.87. ఇంతే. ఖరీదైన పుస్తకాలు అక్కర్లేదు, ఒక కాలిపర్స్ చేతిలో ఉండి, పక్కన ఓపిగ్గా చూపించే మనిషి ఉంటే పదిహేను నిమిషాల పని. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివే మా పిన్ని కొడుకు వాళ్ళ ల్యాబ్‌లో సంవత్సరమంతా కాలిపర్స్ పట్టుకుంటాడు, ఈ విషయంలో వాడు నాకంటే అదృష్టవంతుడు, వాడికి అదే చెప్పా.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళ కోసం ఒక మాట. జేఈఈ మెయిన్ తెలుగులో రాసుకోవచ్చు, అడ్వాన్స్‌డ్ పేపర్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. ఫిజిక్స్‌లో ఒక్కో ప్రశ్న పేరాగ్రాఫ్ అంత ఉంటుంది. నేను వాక్యం వాక్యం చదువుతూ బొమ్మ గీసుకుంటూ పోయేదాన్ని, ఆఖరి వాక్యం వచ్చేసరికి బొమ్మ పూర్తవ్వాలి, ఆ తర్వాత మళ్ళీ ప్రశ్న వైపు చూడక్కర్లేదు. రెండేళ్ళు ఇలా అలవాటైతే భాష అడ్డం రాదు, నేను చూశా కాబట్టి గట్టిగా చెప్తున్నా. పాత పేపర్లు అడ్వాన్స్‌డ్ అఫీషియల్ వెబ్‌సైట్‌లోనే ఫ్రీగా దొరుకుతాయి, వాటితోనే ప్రాక్టీస్ చెయ్యండి.

పరీక్ష రోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చెప్పులేసుకుని వెళ్ళండి, బూట్లు వద్దు. మార్కుల పద్ధతి ఏటా మారుతుంది, ముందు చెప్పరు, అందుకే ఇన్‌స్ట్రక్షన్స్ పేజీ శ్రద్ధగా చదవండి. ఒకటి కంటే ఎక్కువ ఆప్షన్లు కరెక్ట్ అయ్యే ప్రశ్నల్లో అన్నీ సరిగ్గా పెడితే నాలుగు, తప్పు ఒక్కటి పెట్టినా మైనస్ రెండు, కానీ ఖచ్చితంగా తెలిసిన రెండే పెట్టి ఆగితే, మూడోది కరెక్ట్ అయినా సరే, రెండు మార్కులు వస్తాయి. నేను ఖచ్చితం అనుకున్నవే పెట్టా. పేపర్ 1లో ఫిజిక్స్ నాకు హాయిగా సాగింది, మధ్యలో అమ్మ తెచ్చిన పెరుగన్నం తిని సెంటర్ బయట చెట్టుకింద కూర్చున్నాం, చుట్టూ అందరూ పొద్దుటి ఆన్సర్ల గురించే మాట్లాడుకుంటుంటే అమ్మ నన్ను పక్కకి తీసుకెళ్ళింది. పేపర్ 2 గట్టిగా ఉంది. కొన్ని ప్రశ్నలు చదివి, బొమ్మ గీసి, ఇది నాలుగు నిమిషాల్లో తేలేది కాదని వదిలేశా. వాటిల్లో ఒకటి ఇంటికొచ్చాక రెండు రోజులు పట్టి చేశా, మార్కులు రావని తెలిసీ చేశా, వచ్చినప్పుడు అమ్మని వంటింట్లోంచి పిలిచి మరీ చూపించా. తనకి అర్థం కాలేదు, అయినా చివరిదాకా వింది.

నా ర్యాంకు ఇక్కడ రాయట్లేదు, నచ్చిన బ్రాంచి నచ్చిన చోట వచ్చే అవకాశం ఉందని మాత్రం చెప్తా. బంధువులంతా కంప్యూటర్ సైన్స్, కంప్యూటర్ సైన్స్ అంటున్నారు. ఐఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో నేను మొదట ఐఐటీ హైదరాబాద్ ఇంజినీరింగ్ ఫిజిక్స్ పెట్టా. నాన్న లిస్టంతా ఒకసారి చూసి, "నీకు ఏది ఇష్టమైతే అది చదువు తల్లీ, కానీ దాని కింద ఎలక్ట్రికల్ కూడా ఒకటి పెట్టుకో" అన్నారు. పెట్టా.