లేని దేశాల బ్యాడ్జీలు

బెర్లిన్‌లో మా వాడి ఈడు పిల్లలు పోకెమాన్ కార్డులు పోగేస్తారు, ఫుట్‌బాల్ స్టిక్కర్లు మార్చుకుంటారు. మా వాడు పాత సోషలిస్టు దేశాల బ్యాడ్జీలు పోగేస్తున్నాడు. తూర్పు జర్మనీ, సోవియట్ యూనియన్, చెకొస్లొవేకియా. మూడూ ఇప్పుడు మ్యాపులో లేవు. పదకొండేళ్ల వాడికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందని ఇండియా నుంచి ఫోన్ చేసిన వాళ్లంతా అడుగుతారు. ఈ ఊళ్లో చవగ్గా దొరికేవి అవే కదా అంటాను.

నిజంగానే చవక. ఆదివారాలు మావర్‌పార్క్‌లో పాత సామాన్ల సంత జరుగుతుంది. ఒకప్పుడు బెర్లిన్ గోడ, దాన్ని ఆనుకుని సైనికులు కాపలా కాసే ఖాళీ జాగా ఉన్న చోటు అది. కెమెరాలు, పింగాణీ కప్పులు, తలుపు పిడుల మధ్య ఎవరో ఒకరి బల్ల మీద బ్యాడ్జీలు నింపిన రేకు డబ్బా ఉండి తీరుతుంది. మామూలువైతే ఒక యూరో, రెండు యూరోలు. 1990 అక్టోబరు 3న రెండు జర్మనీలు ఒకటైపోయాయి. తూర్పు జర్మనీ వాళ్ల ఇళ్లల్లో సొరుగుల నిండా ఇవి మిగిలిపోయాయి. మిగలక ఏం చేస్తాయి? గౌరవాలు పంచడంలో ఆ ప్రభుత్వానికి చేతికి ఎముక లేదు. ఫ్యాక్టరీలో బాగా పనిచేస్తే ‘సోషలిస్టు శ్రమ యాక్టివిస్టు’ పతకం. ఆటల్లో నిర్ణీత సమయంలో పరిగెత్తితే బ్యాడ్జీ. యువజన సంఘంలో రాజకీయ పాఠాలు చదివి పరీక్ష నెగ్గితే ‘మంచి జ్ఞానం’ బ్యాడ్జీ, అందులోనూ కంచు, వెండి, బంగారు రంగుల్లో మూడు మెట్లు. ర్యాంకులు, గ్రేడ్లు, మెరిట్ కార్డుల మధ్య పెరిగిన తెలుగువాళ్లం, మనకి ఇది అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు.

వాడి డబ్బాలో నాకు నచ్చినది ‘అక్టోబరు పిల్లల’ నక్షత్రం, అక్టోబరు విప్లవం పేరు పెట్టిన చిన్నపిల్లల సంఘానిది. సోవియట్ బడుల్లో ఏడేళ్ల పిల్లలకి పెట్టేవాళ్లు. బొటనవేలి గోరంత ఉంటుంది. అయిదు మూలల ఎర్ర నక్షత్రం, మధ్యలో గుండ్రంగా బంగారు రంగులో ఉంగరాల జుట్టు పసివాడి తల. ఆ పసివాడు లెనిన్. గడ్డం, బట్టతల లేని లెనిన్‌ని మా ఆయన గుర్తుపట్టలేదు, ‘ఎవరీ బాలకృష్ణుడు’ అన్నాడు. తొమ్మిదేళ్లు దాటి పయనీర్, అంటే పార్టీ నడిపే బాలల సంఘం సభ్యుడు, అయితే మెళ్లో ఎర్ర స్కార్ఫ్, వేరే బ్యాడ్జీ: నక్షత్రం మీద పెద్ద లెనిన్, పైన మూడు మంటలు, కింద ‘ఎప్పుడూ సిద్ధమే’ అని రష్యన్‌లో. పద్నాలుగు దాటితే కొమ్‌సొమోల్ అనే యువజన సంఘం, దాని బ్యాడ్జీ జెండా ఆకారం. వరసగా పెడితే పిల్లవాడు ఎదుగుతున్నట్టే ఉంటుంది. తూర్పు జర్మనీలోనూ ఇలాంటి వరసే, చిన్న పిల్లలకి నీలం స్కార్ఫ్, 1973 నుంచి పెద్ద తరగతుల వాళ్లకి ఎరుపు.

అసలేదో నకిలీ ఏదో తేల్చడం నాకు రాదు, వాడికి బాగానే వచ్చింది. బ్యాడ్జీ చేతికి రాగానే ముందు వెనక్కి తిప్పుతాడు. పాతకాలపు వాటికి మర, దానికి నట్టు ఉంటాయి. తర్వాతి వాటికి పిన్నీసు. పాతవి ఇత్తడి మీద కాల్చిన ఎనామిల్, మన మీనాకారీ గాజుల మీద రంగులా నున్నగా చల్లగా తగులుతుంది. తర్వాత లక్షల్లో గుద్దిన వాటిలో ఎక్కువ భాగం అల్యూమినియం, తేలిగ్గా ఉంటాయి. కొన్ని సోవియట్ బ్యాడ్జీల వెనక ధర కూడా కోపెక్కుల్లో అచ్చుకొట్టి ఉంటుంది. టూరిస్టులు తిరిగే చోట్ల బండ్ల మీద అమ్మే మిలమిలలాడే సుత్తీకొడవలి టోపీలు, బ్యాడ్జీల వైపు వాడు కన్నెత్తి కూడా చూడడు. నాకు మాత్రం అవే బాగుంటాయి, ఏం చేస్తాం.

అసలు తలనొప్పి పక్క బల్లతో మొదలైంది. అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ పతకాలు ఉన్నాయి. కొన్నిటి మధ్యలో చిన్న కాగితం అతికించారు, ఎందుకని వాడు అడిగాడు. నాజీ గుర్తును జనం ముందు ప్రదర్శిస్తే ఈ దేశంలో నేరం కాబట్టి. యుద్ధంలో ఆ పతకాలు పొందిన సైనికులు పెట్టుకోవాలన్నా స్వస్తిక్ తీసేసిన నమూనానే పెట్టుకోవాలని 1957లో చట్టం చేశారు. అంతా విన్నాడు. ‘మన దేవుడి గూట్లో ఉంది కదా అమ్మా’ అన్నాడు, సంతలో, గట్టిగా, జర్మన్‌లో. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారో లేదో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఇక్కడ పిల్లల్ని పెంచే తెలుగువాళ్లందరికీ ఈ ఘట్టం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. పసుపు పూసిన శుభలేఖ మీద స్వస్తిక్, కొత్త కారుకి పూజ చేస్తే దాని మీద స్వస్తిక్. పూజలో ఉన్న దాని జోలికి చట్టం రాదు, నిజమే. కానీ పుట్టినరోజుకి వచ్చిన పిల్లవాడి అమ్మానాన్నలకి గుమ్మంలో నిలబడి ఆ చరిత్రంతా చెప్పలేం. మా ఇంట్లో అది దేవుడి గూట్లోనే ఉంటుంది, గుమ్మం మీద ఉండదు. కొంతమంది స్నేహితులు దీన్ని పిరికితనం అంటారు. మన గుర్తును వాళ్లు దొంగిలిస్తే మనమెందుకు దాచాలి అని వాళ్ల వాదన. వాదన బాగానే ఉంది. నేను మాత్రం ఈ ఊళ్లో ఆ గుర్తు ఎవరి కళ్ల ముందు ఏమేం చేసిందో తలుచుకుంటే గుమ్మం మీద పెట్టను.

ఈ సంగతి బుర్రకెక్కాక వాడు తన డబ్బా వైపు కూడా అనుమానంగా చూడటం మొదలెట్టాడు. ‘మరి సుత్తీకొడవలి?’ అన్నాడు. దానికి మా ఇంట్లోనే మూడు జవాబులున్నాయి.

మొదటిది విజయవాడలో ఉండే మా నాన్నది. ఆయన పార్టీ సభ్యుడు కాదు గానీ మేడే ఊరేగింపు చూడకుండా ఉండడు. మా చిన్నప్పుడు ‘సోవియట్ భూమి’ పత్రిక వచ్చేది. నున్నటి కాగితం, మా నోటు పుస్తకాలన్నిటికీ అట్టలు దానితోనే. విశాలాంధ్ర పుస్తకాల షాపులో మాస్కోలో అచ్చయిన తెలుగు పిల్లల పుస్తకాలు కారుచవగ్గా వచ్చేవి. నాకు మంచు, బిర్చి చెట్లు, సమోవారు తెలిసింది వాటిలోనే. బెర్లిన్ వచ్చి మొదటిసారి మంచు చూస్తే కొత్తగా అనిపించలేదు. మనవడి డబ్బా వీడియో కాల్‌లో చూసి మా నాన్న కుర్చీలో ముందుకి జరిగాడు. ‘ఒరేయ్ నాన్నా, ఆ ఎలుగుబంటి ఏదీ, దగ్గరగా పెట్టు’ అన్నాడు. అది మీషా, 1980 మాస్కో ఒలింపిక్స్ బొమ్మ. ఒక్కో ఆటకి ఒక్కో మీషా బ్యాడ్జీ ఉంది. వాడి చేతిలో ఉన్నది హాకీ కర్ర పట్టుకున్నది. ఆ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు బంగారు పతకం గెలిచింది, ఎనిమిదోది. ఆ తర్వాత మళ్లీ బంగారం రాలేదు. రేడియోలో ఫైనల్ విన్న సంగతి మా నాన్న నాకెప్పుడూ చెప్పలేదు, మనవడికి చెప్పాడు.

రాకేశ్ శర్మ బ్యాడ్జీ దొరికిన రోజు ఇంక చెప్పక్కర్లేదు. 1984 ఏప్రిల్‌లో సోయుజ్ టి-11లో సాల్యూత్ 7 అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన యాత్రకి గుర్తుగా చేసింది, సోవియట్, భారత జెండాలు పక్కపక్కన ఉన్నాయి. అమ్మే ఆయనకి అది ఏ దేశం జెండానో పట్టలేదు, మిగతా వాటితో కలిపి ఇచ్చేశాడు. రాకేశ్ శర్మకి సోవియట్ యూనియన్ హీరో బిరుదు ఇచ్చింది. మనవాళ్లు ఆయనకీ, ఆయనతో వెళ్లిన మాలిషేవ్, స్త్రెకాలోవ్‌లకీ అశోక చక్ర ఇచ్చారు. జర్మన్లలో మొదట అంతరిక్షానికి వెళ్లిన సిగ్మండ్ యాన్ కూడా, మిత్రదేశాల వాళ్లని సోవియట్ యూనియన్ అంతరిక్షానికి తీసుకెళ్లిన ఇదే ఇంటర్‌కాస్మోస్ కార్యక్రమంలో 1978లో వెళ్లాడు. తూర్పు జర్మనీ వాడు. తనతో సాండ్‌మాన్ బొమ్మ తీసుకెళ్లాడు. ఈ సాండ్‌మాన్ 1959 నుంచి సాయంత్రాలు టీవీలో వచ్చి పిల్లల్ని నిద్రపుచ్చే బొమ్మ. ఆ దేశం పోయినా బొమ్మ పోలేదు, మా వాడూ చిన్నప్పుడు అది చూశాకే పక్కెక్కేవాడు. తనకి ఇష్టమైన బొమ్మ, తాతయ్యకి ఇష్టమైన రాకేశ్ శర్మ ఒకే రకం రాకెట్లలో పైకి వెళ్లారని తెలిసి వాడు ఎగిరి గంతేశాడు.

మా అమ్మకి మాత్రం ఇవేవీ ఎక్కలేదు. ఆవిడకి నచ్చింది ఒక్కటే, పుస్తకంలో ఫొటో చూపిస్తే: ‘వీరమాత’. 1944లో పెట్టిన బిరుదు, పదిమంది పిల్లల్ని కని పెంచిన తల్లికి బంగారు నక్షత్రం. ఏడు, ఎనిమిది, తొమ్మిది మందికి ‘మాతృ కీర్తి’ ఆర్డర్‌లో మూడు తరగతులు, అయిదారుగురికి మామూలు మెడల్. యుద్ధంలో కోట్లమంది పోయారు కదా, జనాభా కావాలి. ‘మా అత్తగారికి పదకొండుమంది, ఎవడిచ్చాడు నక్షత్రం? మంచినీళ్లిచ్చిన వాళ్లు కూడా లేరు’ అంది.

రెండో జవాబు మా కింది ఫ్లాట్ పెద్దావిడది. తూర్పు బెర్లిన్‌లో పుట్టి పెరిగింది. తన నీలం స్కార్ఫ్ ఇంకా దాచుకుంది. వేసవి క్యాంపులు, పాటలు, ఈత అన్నీ చెబుతుంది, ఎంత బాగుండేదో అంటుంది. ఆ తర్వాత అదే గొంతుతో, తన అన్న చర్చికి వెళ్లడం మానలేదని పై చదువుకి సీటు ఇవ్వలేదని చెబుతుంది. మా వాడికి ఇక్కడ చిక్కొచ్చింది. ‘మంచిదా చెడ్డదా చెప్పకుండా రెండూ చెబుతుందేంటమ్మా’ అన్నాడు. బడిలో గోడ గురించి, తూర్పు జర్మనీ రహస్య పోలీసులు స్టాసీ గురించి పాఠం చెప్పారు, అక్కడ జవాబు ఒక్కటే ఉంది. ఆవిడ దగ్గర రెండున్నాయి.

మూడోది వాడి క్లాసులో ఉన్న ఉక్రెయిన్ పిల్లవాడిది. 2022లో వచ్చాడు. వాళ్ల దేశంలో 2015 నుంచి సోవియట్ గుర్తుల ప్రదర్శన నిషేధం, లిథువేనియాలో 2008 నుంచే ఉంది. జర్మనీపై విజయానికి 1945లో పెట్టిన సోవియట్ పతకం రిబ్బన్ నారింజ, నలుపు చారలది. దాన్ని పొందినవాళ్లలో ఉక్రెయిన్ సైనికులూ ఉన్నారు. అదే రిబ్బన్‌ని ఇప్పుడు రష్యా యుద్ధాన్ని సమర్థించేవాళ్లు పెట్టుకుంటున్నారని, 2022 మే 8, 9 తేదీల్లో ట్రెప్టో లాంటి సోవియట్ స్మారకాల దగ్గర బెర్లిన్ పోలీసులు దాన్ని ఆపేశారు. తాతయ్య మెచ్చిన సోవియట్ గుర్తులే ఆ పిల్లవాడికి బాంబు షెల్టరుని గుర్తుచేస్తాయి.

అందుకని ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. డబ్బాలో ఏదైనా ఉండొచ్చు. స్కూలు బ్యాగుకి, జాకెట్‌కి పెట్టుకునేది మాత్రం మీషా, రాకెట్లు, ఊళ్ల బ్యాడ్జీలు. ఇంటికొచ్చిన వాళ్లకి చూపించాలంటే ముందు అడగాలి. ఇంకొకటి వాడే పెట్టుకున్నాడు: మనిషి పేరు రాసిన ప్రశంసాపత్రంతో సహా అమ్మే పతకం కొనడు. సంతలో అలాంటివి బోలెడు. ముప్పై ఏళ్లు రైల్వేలో పనిచేసినందుకు ఇచ్చింది, నర్సుకి ఇచ్చింది, కింద సంతకం, ముద్ర. ‘వాళ్ల మనవళ్లు వెతుక్కుంటే?’ అంటాడు. వెతుక్కునేవాళ్లయితే అమ్మేవాళ్లు కాదని నేను అనుకున్నాను గానీ పైకి అనలేదు.

ఇక్కడి తెలుగు సంఘంలో కూర్చుంటే ‘మన పిల్లలు రెండు సంస్కృతుల మధ్య నలిగిపోతున్నారు’ అన్న మాట వినపడని ఉగాది లేదు. ఆ లెక్క నాకు ఎప్పుడూ కుదరదు. ఈ ఊళ్లో జర్మన్లదే రెండు రకాల బాల్యం. క్లాసులో సగం మంది ఇంకెక్కడెక్కడి నుంచో వచ్చారు. మా వైపు చూస్తే మా నాన్న సోవియట్ పుస్తకాలు, మా ఆయన వైపు వాళ్ల అమెరికా కబుర్లు. గోరింటాకు, బొమ్మల కొలువు, పద్యాలు నేర్పుతాను, అవి నాకు తెలుసు. ఈ డబ్బా గురించి మాత్రం నాకు వాడి కంటే ఎక్కువేం తెలియదు, అందుకే మా మధ్య మాటలు ఎక్కువ సాగేది దీని మీదే.

పోయిన వారం ఫోన్‌లో వాడు తాతయ్యని సూటిగా అడిగాడు, అంత మంచి దేశమైతే జనం పారిపోకుండా గోడ ఎందుకు కట్టారని. మా నాన్న గొంతు సవరించుకున్నాడు. గోడ సంగతి వదిలేసి చవక పుస్తకాలు, ఉచిత వైద్యం, విశాఖ ఉక్కు ఫ్యాక్టరీకి వాళ్లు చేసిన సాయం దాకా వెళ్లాడు. వాడు ఓపిగ్గా విని, ‘సరే తాతయ్యా, గోడ?’ అన్నాడు. ‘సెలవులకి రారా, కూర్చుని మాట్లాడదాం’ అన్నాడు మా నాన్న. ఆ మర్నాటి నుంచి ఆయన యూట్యూబ్‌లో బెర్లిన్ గోడ వీడియోలు చూస్తున్నాడని మా అమ్మ చెప్పింది. వాదనకి తయారవుతున్నాడు.

మా వాడు ఇప్పుడు ఇంటర్‌కాస్మోస్ వరస పూర్తి చేసే పనిలో ఉన్నాడు. చెక్, పోలండ్, జర్మనీ, క్యూబా, వియత్నాం దొరికాయి. 1981లో వెళ్లిన మంగోలియా ఆయన గుర్రగ్చా బ్యాడ్జీ మాత్రం చిక్కడం లేదు. మీలో ఎవరింట్లోనైనా అటకమీద ఉంటే చెప్పండి. బదులుగా హాకీ మీషా ఇస్తాడట, వాడి దగ్గర రెండున్నాయి. మూడోది కొన్నాడు గానీ అది తాతయ్యకి.