ముందున్న సున్నా

మన బడి బ్యాచ్ సంచికకు ఏదైనా రాయమని కమిటీవాళ్ళు అడిగారు. వేపచెట్టు గురించి, గంట తాత గురించి, సైన్సు రూములో కప్ప గురించి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. నేను 6174 గురించి రాస్తున్నాను.

లెక్కల మాస్టారు ఒక రోజు పుస్తకం తెరవలేదు. "నాలుగంకెల సంఖ్య ఒకటి అనుకోండి. నాలుగూ ఒకే అంకె కాకూడదు. పెద్దంకె నుంచి చిన్నంకెకు పేర్చండి, దాన్నే తిరగేసి కింద రాసి తీసేయండి. వచ్చినదానితో మళ్ళీ అదే పని" అన్నారు. బోర్డు మీద మన బ్యాచ్ 1987తోనే మొదలుపెట్టారు. 9871లో 1789 పోతే 8082. 8820లో 0288 పోతే 8532. 8532లో 2358 పోతే 6174. ఆ పైన 7641లో 1467 తీసినా 6174యే, ఇక కదలదు. సీనియర్ల 1986కి ఆరుసార్లు పట్టింది: 8172, 7443, 3996, 6264, 4176, 6174. ఎంత మొండి సంఖ్యకైనా ఏడుసార్లు చాలు.

మూడో బెంచీకి మాత్రం సున్నా వచ్చింది, గుర్తుందా? వాళ్ళు 2111 తీసుకున్నారు. 2111లో 1112 పోతే 999. దాన్ని తిరగేసినా 999, తీసేస్తే ఏమీ మిగల్లేదు. మాస్టారు నడిచి వచ్చి ఆ 999 ముందు ఒక సున్నా పెట్టారు. "నాలుగు గదులు. నాలుగూ నిండాలి." అప్పుడు 9990లో 0999 పోయి 8991, 9981లో 1899 పోయి 8082. అక్కణ్ణుంచి మన బ్యాచ్ దారే.

అప్పు తెచ్చుకోవడంలో తప్పినవాళ్ళకు ఆయన చెప్పిన పరీక్ష నాకిప్పటికీ పనికొస్తుంది. జవాబులోని అంకెలు కూడితే 18 రావాలి. పేర్చినప్పుడు మధ్య రెండంకెలూ ఒకటే అయితే 27. ఇంకేదొచ్చినా తీసివేత తప్పే.

ఎందుకిలా? పెద్దంకెకూ చిన్నంకెకూ ఉన్న తేడాను 999తో, మధ్య అంకెల తేడాను 90తో హెచ్చవేసి కలిపితే వచ్చేదే జవాబు. 7641కి 5994, 180, మొత్తం 6174. మొదటి తేడా 1 నుంచి 9 దాకా; రెండోది 0 నుంచి మొదటిదాని దాకా. కాబట్టి వేల సంఖ్యలన్నీ ఒక్క తీసివేతతో 54 జవాబుల్లో ఇమిడిపోతాయి. ఆ 54నీ చేత్తో నడిపి చూసుకోవచ్చు. మూడంకెలకు ఇలాగే 495 వస్తుంది. ఐదంకెలకు ఒక్క గమ్యం లేదు: 53955 నుంచి 59994కి, మళ్ళీ 53955కి తిరుగుతూనే ఉంటుంది.

దీన్ని 1949లో బయటపెట్టిన డి.ఆర్. కాప్రేకర్ కూడా బడి మాస్టారే, నాసిక్ దగ్గర దేవలాలిలో. తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్యకు హర్షద్ అని పేరు పెట్టిందీ ఆయనే. 6174 అంకెల మొత్తం 18. భాగిస్తే 343, అంటే 7 ఘనం. 18, దాని వర్గం 324, దాని ఘనం 5832 కలిపినా 6174. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ఇరవై ఏళ్ళుగా బ్యాంకుల కంప్యూటర్ పనిలో ఉన్నాను, ఇప్పుడు నా కింద ఒక జట్టు ఉంది. ఖాతా నంబరును మామూలు సంఖ్యగా దాచితే ముందున్న సున్నాలు రాలిపోతాయి, అది వేరే ఖాతా అయిపోతుంది. అక్షరాలుగానే దాచాలి. కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ మొదటి రోజు 2111 ఇచ్చి చేయిస్తాను.

కమిటీవారికి ఒక్క మనవి. అచ్చులో 0999, 0288 చూసి ఎవరో ఒకరు దిద్దబోతారు. దిద్దనివ్వకండి.