మూడో బొమ్మ దగ్గరే ఆగింది

"ఫాంట్ ఎంబెడ్ కాలేదు" అని, అంటే అక్షరాల ఫాంట్ ఫైల్ లోపల లేదని, పీడీఎఫ్ మళ్లీ వెనక్కొచ్చింది. అనంతపురంలో మా ఎంటెక్ పిల్లోళ్ల సోలార్ పంపు పేపరు. కెమెరా రెడీ, అంటే అచ్చుకు పంపే చివరి ప్రతి, గడువు ఈ రాత్రికే.

లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో రాసిన మాటర్‌లో ఏ తప్పూ లేదు. తప్పంతా మూడో బొమ్మలో ఉంది. మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన ఆ గ్రాఫులో హెల్వెటికా అనే ఫాంట్ పేరు మాత్రమే ఉంది, ఆ ఫాంట్ పీడీఎఫ్‌లోకి రాలేదు.

అక్రోబాట్‌లో ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్స్ తెరిచి చూడండప్పా. ప్రతి పేరు పక్కనా 'ఎంబెడెడ్' అనో 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అనో ఉండాల. ఒక్కదానికి లేకున్నా, పీడీఎఫ్‌లను పరీక్షించే ఐఈఈఈ వాళ్ల సైటు పీడీఎఫ్ ఎక్స్‌ప్రెస్ పాస్ చేయదు.

ఆ గ్రాఫు బదులు దాని స్క్రీన్‌షాట్ పెడదామన్నారు పిల్లోళ్లు. వద్దన్నాను. పెద్దది చేసి చూస్తే యాక్సిస్ మీద అంకెలు మసకబారతాయి, చదివేవాళ్లకు అన్యాయం. మ్యాట్‌ల్యాబ్‌లోనే ఎక్స్‌పోర్ట్‌గ్రాఫిక్స్ కమాండ్‌తో వెక్టర్‌గా, అంటే ఎంత పెద్దది చేసినా మసకబారని బొమ్మగా, మళ్లీ తీస్తే పాసయింది.

పేజీ నంబర్లు కూడా తీసేయించాను, అవి పబ్లిషరే వేస్తారు.

స్ప్రింగర్ అనే మరో పబ్లిషర్ వాల్యూముకు పంపేవాళ్లు ఐఈఈఈ రెండు కాలమ్‌ల టెంప్లేట్ వాడొద్దు. అక్కడ లెక్చర్ నోట్స్ అనే పుస్తకాల వరుసకు ఒకటే కాలమ్, పేజీలో మాటర్ పట్టే చోటు 12.2 × 19.3 సెంటీమీటర్లు. పీడీఎఫ్‌తోపాటు సోర్స్ ఫైళ్లూ అడుగుతారు, బొమ్మలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి.