యమాటో కొడుకా, కూతురా? కందుకూరులో ఒక వాదన

వన్ పీస్ అని జపాన్ వాళ్ల యానిమేషన్ కథ (దీన్నే అనిమే అంటారు). అందులో యమాటో అని ఒక పాత్ర ఉంది. కైడో అనే పరమ దుర్మార్గుడి సంతానం. చిన్నప్పుడు ఓడెన్ అనే వీరుడు చనిపోవడం కళ్లారా చూసి, ఇకమీద నేనే ఓడెన్ అని తీర్మానించుకుంటుంది. ఓడెన్ మగవాడు కాబట్టి తానూ మగవాణ్నే అంటుంది. లేదా అంటాడు. గొడవంతా ఇక్కడే. కైడో ‘నా కొడుకు’ అనే పిలుస్తాడు. స్నానాల ఘట్టం వస్తే యమాటో మగవాళ్ల వైపుకే వెళ్తాడు. పాత్రల వివరాలతో అచ్చేసిన కార్డులో మాత్రం స్త్రీ అని ఉంది. కార్డు చూపించి వాదించేవాళ్లు కొందరు, ‘తను చెప్పుకున్నదే లెక్క’ అనేవాళ్లు కొందరు. మా అమ్మాయి రెండో పక్షం. టెక్సాస్‌లో మా ఇంట్లో పప్పు అన్నం తింటూ కూడా ఈ వాదనే.

మొన్న సెలవుల్లో ఈ వాదనను మోసుకుని కందుకూరు వచ్చాం. (నేను పెళ్లయి వెళ్లేటప్పటికి మాది ప్రకాశం జిల్లా. 2022లో నెల్లూరులో కలిపారు. ఇల్లు కదల్లేదు, జిల్లానే మారింది.) మా అమ్మకు పిల్ల తన తెలుగులో కథంతా చెప్పింది. యమాటో చేతులకు కైడో సంకెళ్లు వేశాడనీ, ద్వీపం దాటితే అవి పేలిపోతాయనీ చెప్పగానే అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. “కొడుకైతే ఏంది, కూతురైతే ఏంది అమ్మణ్ణీ! కన్నబిడ్డ చేతులకు బాంబులు కట్టినాడా? వాడసలు తండ్రేనా?” అంది. నేను విన్న యమాటో చర్చల్లో ఈ ప్రశ్న వేసింది ఆవిడొక్కతే.

అసలు వాదన మా అన్న కొడుకుతో జరిగింది. వాడు ఇంటర్. మా అమ్మాయికన్నా ఏడాది పెద్ద, వరసకు బావ. అనిమే ఇద్దరికీ పిచ్చే. కానీ ఒకే ఎపిసోడ్ చూసి ఇద్దరూ రెండు కథలు చెబుతారు. నరుటో అనే అనిమేలో నరుటో, ససుకే అని ఇద్దరు కుర్రాళ్ల సంగతే తీసుకోండి. ఒకడు ఊరొదిలి చెడ్డదారి పడితే, రెండోవాడు ఏళ్ల తరబడి వాడి వెంటపడి, చివరికి ఇద్దరూ చెరొక చెయ్యి పోగొట్టుకునేదాకా కొట్టుకుని గానీ రాజీపడరు. వాడికి ఇది ప్రాణస్నేహం. మా అమ్మాయికి, ఆమె స్నేహితులకు ఇది ప్రేమకథ. “2014లో కథ అయిపోయింది, హినాటాతో ఒకడికి, సకురాతో ఇంకొకడికి పెళ్లి అయిపోయింది, పిల్లలు కూడా పుట్టారు, ఇంకా ఏంటి నీ గొడవ?” అన్నాడు వాడు. “పెళ్లయితే ప్రేమ ఉన్నట్టేనా?” అంది మా అమ్మాయి. వంటింట్లో ఉన్న మేం ముగ్గురం ఆడవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరం ఏమీ అనలేదు.

ఇది అమెరికాలో పెరిగిన పిల్ల విపరీతం అని మా అన్న తేల్చేశాడు. నాకలా అనిపించలేదు. ఎందుకంటే ముందురోజే బస్టాండు దగ్గర ఇంకోటి జరిగింది. చెరుకురసం బండి పక్కన ఇద్దరు కుర్రాళ్లు చిటికెన వేళ్లు ముడేసుకుని నిలబడ్డారు. ఒకడు ఫోన్ చూస్తుంటే రెండోవాడు వాడి భుజం మీద గడ్డం ఆనించి అదే ఫోన్ చూస్తున్నాడు. మా అమ్మాయి నా చెవిలో, “అమ్మా, వాళ్లు కపులా? ఇక్కడ ఇంత ఓపెన్‌గా ఉంటారా?” అంది. మా మేనల్లుడు నవ్వు ఆపుకోలేక రసం మీద పోసుకున్నాడు. ఆ ఇద్దరూ వాడి క్లాస్‌మేట్లట.

ఆ రాత్రే, ఏదో స్కూల్ కథలో అబ్బాయీ అమ్మాయీ వానలో ఒకే గొడుగు కింద నడిచి వెళ్తారు, అంతే. మా అమ్మాయికి అందులో ఏమీ కనిపించలేదు. క్లాస్‌మేట్, వాన, గొడుగు. వీడు మాత్రం “సెట్ అయింది” అని ప్రకటించాడు. నిజానికి వాడిదే కరెక్టు. జపాన్‌లో ఒక గొడుగు గీసి దాని కింద ఇద్దరి పేర్లు రాస్తే వాళ్లు ప్రేమికులని అర్థం, స్కూలు పిల్లలు నల్లబల్ల మీద అలా గీసి ఏడిపిస్తారు. వాడికి ఈ సంగతి తెలియదు. కందుకూరు తెలుసు, చాలు. ఇక్కడ అబ్బాయీ అమ్మాయీ రెండు నిమిషాలు నిలబడి మాట్లాడితే ఊరే కథ రాసేస్తుంది. ఇద్దరు మగపిల్లలు ఒకే నవారు మంచం మీద కాళ్లు ఒకరి మీద ఒకరు వేసుకుని నిద్రపోయినా ఎవరికీ పట్టదు. మా అమ్మాయి పెరిగిన చోట ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. అక్కడ అబ్బాయిలు ఒకరినొకరు తాకేది ఫుట్‌బాల్ మైదానంలోనే. అందుకే తెరమీద ఒక మగవాడు ఇంకో మగవాడి కోసం ఏడిస్తే ఆ కన్నీళ్లకు ఏదో కారణం ఉండి తీరాలనుకుంటుంది. రోజూ చూసే స్పర్శ ఏదో, ఎప్పుడూ చూడనిది ఏదో, దాన్ని బట్టే వీళ్లిద్దరికీ ప్రేమ కనిపిస్తోంది. ఇద్దరికీ కొంత కనబడుతుంది, కొంత కనబడదు.

అలాగని అభిమానులు ఊహించేదంతా వాళ్ల బుర్రలో పుట్టిందే అనడానికీ వీల్లేదు. కొన్నిసార్లు కథలో ఉన్నదాన్నే తీసేస్తారు. సైలర్ మూన్ అనే అనిమేలో హరుకా, మిచిరు అని ఇద్దరు అమ్మాయిలు ప్రేమికులు. 2000లో అమెరికాలో ప్రసారమైన ఇంగ్లిష్ డబ్బింగ్‌లో వాళ్లను కజిన్స్ చేసేశారు. మాటలు మార్చారు గానీ చూపులు మార్చలేరు కదా. ఇదేం చుట్టరికంరా బాబూ అని చూసేవాళ్లు తల పట్టుకున్నారు. అంతకుముందు 1995లో వచ్చిన భాగాల్లో జోయిసైట్ అనే మగ విలన్‌కు ఇంకో మగవాడంటే ప్రేమ అని, అతన్ని ఏకంగా ఆడమనిషిని చేశారు. 2014 నుంచి వచ్చిన కొత్త డబ్బింగ్‌లో రెండూ సరిదిద్దారు. ఈ కజిన్స్ సంగతి చెబితే మా మేనల్లుడు కూడా పకపకా నవ్వాడు. అనుమానం రాకూడదని కజిన్స్ అన్నారట! మా వైపు మేనత్త, మేనమామ పిల్లలంటే సగం సంబంధం కుదిరినట్టే.

నాకు ఆసక్తి కలిగించింది యమాటోకు ముందు కథ. 1953లో ఒసాము తెజుకా అనే జపాన్ రచయిత మొదలుపెట్టిన కామిక్స్‌లో సఫైర్ అనే రాజకుమారికి పుట్టుకతోనే అబ్బాయి హృదయం, అమ్మాయి హృదయం రెండూ ఉంటాయి. తెజుకా పెరిగింది తకరజుకా అనే ఊళ్లో. అక్కడి నాటక సంస్థలో 1914లో తొలి ప్రదర్శన నాటి నుంచీ మగవేషాలు కూడా ఆడవాళ్లే వేస్తారు. మనకు ఇది తిరగేసి ఉంది. మా పక్కనే బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామ వేషాలతో పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. అమ్మ ఆయన్ను చూడలేదు. తిరునాళ్లకు వచ్చే నాటకాల వాళ్లను చూసింది. రాత్రంతా జడ తిప్పి తిప్పి అలిగిన సత్యభామ, తెల్లారి కళ్లకింద కాటుక చెదిరి ఉండగానే టీకొట్టు దగ్గర బీడీ కాలుస్తూ కనిపించేదట. ‘కనిపించేదట’ అని అమ్మే అంది. ఇక మా ఊరి జనార్దనస్వామి మీద కందుకూరి రుద్రకవి రాసిన అష్టకం ఉండనే ఉంది. అందులో వేరే ఆడదాని దగ్గర్నుంచి వచ్చావా అని స్వామిని నిలదీసేది ఒక నాయిక, రాసింది పురుషుడు. మా ఊళ్లో ఎవరికీ అది వింతగా తోచలేదు.

ఇక్కడితో సంబరపడి ‘చూశావా, మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది’ అని చెప్పేసి ఊరుకోవచ్చు. ప్రవాస తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ సర్టిఫికెట్ బాగా చలామణీ అవుతుంది. బృహన్నలను, మోహినిని, శిఖండిని వరసగా నిలబెడతాం. మా అమ్మాయి దగ్గర ఇది చెల్లలేదు. నెల్లూరి తిక్కన భారతం అందుకున్నదే విరాటపర్వంతో అనీ, బృహన్నల కథ అక్కడే ఉందనీ నేను మొదలుపెడితే, “ఏడాది అవగానే మళ్లీ విల్లు పట్టుకుంటాడుగా. అది దాక్కోవడం, అంతే” అంది. శిఖండి దగ్గర మాత్రం ఆగింది. ఆడపిల్లగా పుట్టి, యక్షుడి వల్ల మగవాడైన వాడు. కథ మగవాడనే చెబుతుంది. భీష్ముడు మాత్రం పుట్టుకనే పట్టుకుని, వీడి మీద బాణం వెయ్యనంటాడు. “అచ్చం కార్డు చూపించే బ్యాచ్” అంది మా అమ్మాయి. భీష్ముణ్ని బ్యాచ్‌లో కలిపేసినందుకు అమ్మ లెంపలేసుకుంది గానీ, పోలిక కాదనలేకపోయింది.

ఇవన్నీ విన్న ఒక స్నేహితురాలు ఫోన్ చేసి గొంతు తగ్గించి, “మీ పాపకు కూడా ఏమైనా... అలాంటిదా?” అంది. ఆవిడ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ పిల్లలు ఇష్టపడే పాత్రను రక్తపరీక్ష రిపోర్టులా చదవడం నాకు నచ్చదు. టోక్యోలో 1975 నుంచి జరుగుతున్న కామికెట్ అనే అభిమానుల కామిక్స్ సంతలో మగ పాత్రల జంటల మీద సొంత కథలు రాసి అమ్మేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లందరూ ఏమిటని అడుగుతాం? యమాటో తరఫున వాదించే పిల్ల యమాటో కావచ్చు, కాకపోవచ్చు, ఎవరినైనా వాళ్లు చెప్పుకున్నట్టే పిలవాలనుకునే పిల్ల కావచ్చు. నేనడగను. యమాటో గురించి నేను మాట్లాడేటప్పుడు మాత్రం ఎదురుగా ఉన్నది మా అమ్మాయి చెవులని గుర్తుపెట్టుకుంటాను. రేపు నాతో ఏమైనా చెప్పాలనిపిస్తే, ఆ రోజు కైడో గురించి అమ్మ ఏమంది అన్నది కూడా అందులోకి వస్తుంది.

మా పిన్నితో మాత్రం ఎవరూ గెలవలేరు. బావామరదళ్లు ఒకే ఫోన్‌లో తలలు పెట్టి కూర్చోవడం చూసి, మేం తిరుగు ప్రయాణమయ్యేలోపే కల్యాణమండపం దాకా వెళ్లిపోయింది. పిల్ల చాలాసార్లు విసుక్కుంది. చివరికి ఒక సాయంత్రం ఫోన్ పక్కన పెట్టి, “చిన్నమ్మమ్మా, అది నీ హెడ్‌కేనన్. కథలో లేదు” అంది.

“అంటే ఏంది?” అంది పిన్ని, నావైపు తిరిగి.

“లేనిదాన్ని ఉందనుకోవడం అవ్వా,” అన్నాడు మేనల్లుడు.

“లేదని ఎవరు చెప్పినార్రా? కథ ఇంకా అయిపోలా,” అంది పిన్ని.