ఇంటర్లాకెన్ హోటల్లో షుగర్ 62

మా బెజవాడ నుంచి యూరప్ గ్రూప్ టూర్లకి వెళ్లేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ. పిల్లలు టికెట్లు కొనిపెడతారు, మనం బీపీ బిళ్లలు, షుగర్ బిళ్లలు సర్దుకుని బయల్దేరతాం. అందుకే ఇది రాస్తున్నాను.

స్విట్జర్లాండ్‌లో, ఇంటర్లాకెన్ చేరిన రాత్రి నాకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాడే యుంగ్‌ఫ్రావ్. 3,454 మీటర్ల ఎత్తున రైలు స్టేషన్, చుట్టూ మంచు, బస్సంతా ఎదురుచూస్తున్న రోజు. అర్ధరాత్రి దాటేసరికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. మా ఆయన గ్లూకోమీటరు తీసి చూస్తే షుగర్ 62కి పడిపోయింది. తిన్నదేదీ కడుపులో నిలవలేదు, వేసుకున్న షుగర్ బిళ్ల గ్లిమిపిరైడ్ మాత్రం షుగర్ తగ్గిస్తూనే ఉంది. విమానంలో ఇచ్చిన చక్కెర పొట్లాలు నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. ఆయన వాటిని పళ్లతో చించి, నీళ్లలో కలిపి, సీసా మూతతో కొంచెం కొంచెం పట్టించారు. పావుగంట ఆగి చూస్తే 84.

అక్కడ ఒంటిగంటన్నర అంటే మనకి తెల్లవారుజామున అయిదు. సూర్యారావుపేటలో మా డాక్టరుగారు ఫోనెత్తారు. "తిండి నిలిచేదాకా గ్లిమిపిరైడూ, మీ ఇంకో షుగర్ బిళ్ల మెట్‌ఫార్మినూ రెండూ ఆపేయండమ్మా. ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా తాగండి, షుగర్ చూసుకుంటూ ఉండండి" అన్నారు. ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు నెమ్మదిస్తే మెట్‌ఫార్మిన్ బయటికి పోక పేరుకుంటుందట.

పొద్దున్నే టూర్ మేనేజరు వచ్చి చూసి, బస్సుతో వెళ్లిపోయాడు. ఆ అబ్బాయిని నేనేమీ అనను. అంతమందిని ఒక్కడు చూసుకోవాలి. ఒక్కణ్ణే పంపిన కంపెనీనే అంటాను. గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చిన పిన్నిగారు మాత్రం కొండెక్కకుండా ఆగిపోయారు. "నాకు ఎలాగూ ఆయాసమేనమ్మా" అని, తెచ్చుకున్న అటుకులు వేడినీళ్లలో నానబెట్టి, ఉప్పేసి తినిపించారు. ఆయాసం లేదని నాకు తెలుసు. మొన్నటిదాకా మెట్లన్నీ నాకంటే ముందు ఎక్కిన మనిషి ఆవిడ.

అక్కడ చూపించుకున్న క్లినిక్‌లో డాక్టరుకి మన బ్రాండ్ పేర్లు తెలియవు. మా డాక్టరుగారు లెటర్‌హెడ్ మీద మందు అసలు పేరు, మిల్లీగ్రాములు ఇంగ్లీషులో రాసిచ్చారు కాబట్టి సులువైంది. ఆ కాగితం తప్పకుండా రాయించుకోండి. ఇక ఇన్సూరెన్స్. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి 30,000 యూరోల కవరేజీ ఉండాల్సిందే కాబట్టి అందరికీ పాలసీ ఉంటుంది, కానీ చాలామందిది ఏజెంటు ఫైల్లోనే ఉండిపోతుంది. అందులో ఉన్న హెల్ప్‌లైన్‌కి ముందు ఫోన్ చేయాలి, ఆసుపత్రిలో చేరాల్సివస్తే మరీ ముఖ్యం. పాత జబ్బులకి చాలా పాలసీలు ప్రాణం మీదికి వస్తే తప్ప ఇవ్వవు. నాది అక్కడ కొత్తగా వచ్చిన జబ్బు కాబట్టి క్లెయిమ్ వచ్చింది. బిల్లులు, మందుల చీటీ, పాస్‌పోర్టులో ముద్రలున్న పేజీ జిరాక్సు, అన్నీ అడిగారు. ప్రాణం మీదికొస్తే మాత్రం ముందు 112కి చేయండి, యూరప్‌లో చాలాచోట్ల అదే. స్విట్జర్లాండ్‌లో నేరుగా అంబులెన్సుకి 144.

ఇప్పుడు మా తోడికోడలు టూర్ బుక్ చేసుకుంటోంది. పక్కన కూర్చుని నేనే అడిగించాను. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే దగ్గర ఎవరుంటారు? బస్సు వెళ్లిపోతే తర్వాతి ఊరికి ఎలా చేరాలి, ఆ ఖర్చు ఎవరిది? అన్నీ మేమే చూసుకుంటామండీ అన్నారు. కాగితం మీద రాసివ్వమన్నాం. ఇంకా ఇవ్వలేదు, మేమూ అడ్వాన్సు కట్టలేదు.