నులిపురుగులో వేళ చెప్పే జన్యువు

ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం చివరి ఏడాది ప్రాజెక్టుకు నేను సి. ఎలిగాన్స్ అనే నులిపురుగును ఎంచుకున్నాను. నర్సంపేట దగ్గర మిర్చి పండించే మా నాన్న వినగానే "మొక్కల వేళ్లకు బుడిపెలు తెచ్చేదేనా?" అని అడిగారు. కాదు, ఇది కుళ్లిన పండ్లలో, ఆకుల్లో బ్యాక్టీరియాను తిని బతుకుతుంది. పొడవు మిల్లీమీటరు. ఒళ్లంతా పారదర్శకం కావడంతో బతికుండగానే లోపలి కణాలు కనిపిస్తాయి. ఎదిగిన ద్విలింగ పురుగులో దేహకణాలు 959. ఏ కణం దేని నుంచి పుట్టిందో జాన్ సల్‌స్టన్, ఆయన సహచరులు 1983 నాటికే పూర్తిగా గుర్తించారు. ఆ ఓపికకు నేను ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో!

అగర్ అనే జెల్లీ పోసిన పళ్లెంలో ఈ.కోలై బ్యాక్టీరియా పూస్తే తిండి సిద్ధం. చిక్కంతా వేడితోనే. వీటికి 20 డిగ్రీలు హాయి, 25 దాటితే సంతానం తగ్గిపోతుంది. మే నెలలో హనుమకొండ ఎండ 40 దాటుతుంది. కరెంటు పోయిందంటే నేను ముందు ఇంక్యుబేటర్ దగ్గరికే పరుగెత్తేదాన్ని.

అన్నిటినీ ఒకే ఈడుకు తేవడం అసలు పని. గుడ్లతో ఉన్న పురుగులను బ్లీచు, సోడియం హైడ్రాక్సైడు ద్రావణంలో ఉంచితే తల్లుల శరీరాలు కరిగిపోతాయి, పెంకు ఉన్న గుడ్లు మిగులుతాయి. వాటి నుంచి వచ్చిన పిల్లలకు తిండి దొరకకపోతే మొదటి దశలోనే ఆగిపోతాయి. తిండి పెట్టగానే అన్నీ కలిసి ఎదగడం మొదలుపెడతాయి.

ఇక నా ప్రాజెక్టు లిన్-4 జన్యువు మీద. మామూలు పురుగు నాలుగు పిల్లదశలు దాటి పెద్దదవుతుంది. లిన్-4 లోపించిన పురుగులో చాలా కణాలు మొదటి దశ విభజనలనే మళ్లీ మళ్లీ చేస్తాయి. గుడ్లు పెట్టే ద్వారం ఏర్పడదు, గుడ్లు కడుపులోనే నిండిపోతాయి. లిన్-14 అనే మరో జన్యువు లోపిస్తే ఇందుకు విరుద్ధం: కణాలు మొదటి దశ పనులు వదిలి రెండో దశవి ముందే చేసేస్తాయి. రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కణం ఏమవ్వాలో చెప్పే జన్యువుల గురించి చదివాను. ఎప్పుడవ్వాలో చెప్పే జన్యువును కళ్లారా చూడడం అదే మొదలు.

లిన్-4 ప్రొటీను తయారుచేయదు. దాని నుంచి దాదాపు 22 రసాయన అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ (జన్యువు నకలు) వస్తుంది. అది లిన్-14 ప్రొటీను తయారీకి సూచనలు మోసే సందేశ ఆర్‌ఎన్‌ఏ చివరి భాగానికి అతుక్కుని ఆ తయారీని ఆపుతుంది. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ బృందాలు దీన్ని 1993లో ప్రకటించాయి. నోబెల్ మాత్రం 2024లో వచ్చింది.

వైవాలో "ఇది పురుగుకే పరిమితమా?" అని అడిగారు. ఇదే పురుగులో దొరికిన రెండో చిన్న ఆర్‌ఎన్‌ఏ లెట్-7 మనుషుల్లోనూ ఉందని 2000లోనే తేలిందని చెప్పాను. తర్వాతి ప్రశ్నలన్నీ లెట్-7 మీదే సాగాయి.