సేవ్ కొట్టగానే ఎవరెవరు లేస్తారు?

పచ్చళ్ళు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న సైట్ పని ఈమధ్య నా చేతికొచ్చింది. జాంగోలో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) రాసింది. ఆర్డర్ మోడల్, అంటే డేటాబేస్‌లో ఆర్డర్ ఎలా ఉండాలో చెప్పే కోడ్, పొందిగ్గా, చూడముచ్చటగా ఉంది. కానీ ఆర్డర్ సేవ్ అయితే చాలు, స్టాక్ తగ్గుతుంది, కస్టమర్‌కి ఎస్సెమ్మెస్ పోతుంది, ఇన్‌వాయిస్ తయారవుతుంది. ఇవేవీ మోడల్లో కనపడవు. వేరే ఫైల్లో కూర్చుని, సేవ్ అవగానే జాంగో ఇచ్చే ‘పోస్ట్ సేవ్’ సిగ్నల్ కోసం చెవులు రిక్కించి ఉంటాయి. అబ్జర్వర్ ప్యాటర్న్ అన్నమాట: ఆబ్జెక్ట్ ‘నేను మారాను’ అని చెప్పి ఊరుకుంటుంది, వినేదెవరో దానికి అనవసరం.

ఒకరోజు ఓనర్ గారు ఫోన్. “గోంగూర రెండు కేజీలు కన్ఫర్మ్ అని మెసేజ్ వచ్చిందట. మన దగ్గర ఆర్డరే లేదేంటమ్మా?”

సిగ్నల్ అనగానే వెనకాలెక్కడో తీరిగ్గా జరిగే పని అనుకుంటారు చాలామంది. కాదు. సేవ్ పూర్తయి తిరిగొచ్చేలోపే, అదే రిక్వెస్ట్‌లో, వినేవాళ్ళందరూ వరసగా నడుస్తారు. ఈ సైట్లో రిక్వెస్ట్ మొత్తం ఒకే ట్రాన్సాక్షన్, అంటే మధ్యలో ఎక్కడ తప్పినా డేటాబేస్‌లో చేసిందంతా రద్దు. ఆర్డర్ సేవ్ అయింది, ఎస్సెమ్మెస్ వెళ్ళిపోయింది, తర్వాత పేమెంట్ దగ్గర ఎర్రర్. డేటాబేస్ ఆర్డర్ని వెనక్కి తీసుకుంది. మెసేజ్‌ని ఎవరు వెనక్కి తీసుకుంటారు? తిరగేసి చూస్తే ఇంకా ఘోరం: ఎస్సెమ్మెస్ సర్వీసు పడుకుంటే ఆ ఎర్రర్ సేవ్‌లోంచే బయటికొచ్చి, నిక్షేపంలాంటి ఆర్డర్ని కూడా ముంచుతుంది.

ఎస్సెమ్మెస్‌ని ఆన్ కమిట్‌లోకి, అంటే ట్రాన్సాక్షన్ ఖాయమయ్యాకే నడిచే చోటికి, మార్చాను. జాంగో 1.9 నుంచీ ఉన్నదే. 4.2లో వచ్చిన రోబస్ట్ అనే ఆప్షన్ కూడా పెడితే, మెసేజ్ పోకపోయినా లాగ్‌లో రాసి ఊరుకుంటుంది.

స్టాక్ సంగతి వేరు. జాంగో అడ్మిన్ పేజీలో పది ఆర్డర్లు టిక్ పెట్టి ఒకేసారి క్యాన్సిల్ చేస్తే, లోపల నడిచేది క్వెరీసెట్ అప్‌డేట్, అంటే ఒక్కోదాన్నీ సేవ్ చేయకుండా అన్నిటినీ డేటాబేస్‌లో ఒకేసారి మార్చేది. దానికి పోస్ట్ సేవ్ రాదు. సరుకు జాడీల్లోనే ఉంటుంది, సైట్ మాత్రం ‘అవుట్ ఆఫ్ స్టాక్’ అంటుంది. అందుకే స్టాక్‌ని సిగ్నల్‌లోంచి పీకేసి, ఆర్డర్ పెట్టే, క్యాన్సిల్ చేసే ఫంక్షన్లలో నేరుగా పిలిచాను. చదివేవాళ్ళకి కంటికి కనపడుతుంది. నేరుగా పిలవగలిగిన చోట సిగ్నల్ వాడొద్దని జాంగో డాక్యుమెంటేషనే చెబుతుంది, చదివే ఓపిక ఉండాలి గానీ.

అలాగని అబ్జర్వర్ మీద నాకు కోపమేం లేదు. అదే సైట్లో బ్రౌజర్ వైపు కార్ట్ వ్యూ 3లో (Vue, ఒక జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్) ఉంది. ఆవకాయ సీసా ఒకటి పెంచితే పైన అంకె, కింద మొత్తం, డెలివరీ చార్జీ అన్నీ వాటంతట అవే మారతాయి. అక్కడ ఒకటి తప్పినా పేజీ రిఫ్రెష్ చేస్తే సరి, డబ్బు పోదు. స్మాల్‌టాక్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష రోజుల్లో, డేటానీ స్క్రీన్‌నీ విడదీసి రాసే ఎంవీసీ పద్ధతిలో దీన్ని వాడిందీ ఇలా డేటా మారితే స్క్రీన్ మారడానికే కదా.

ఇక ఇన్‌వాయిస్ మిగిలింది. అది తనని తానే మళ్ళీ సేవ్ చేసుకుంటోంది, దానికింకో సిగ్నల్ తగిలించి ఉంది. దాన్ని వచ్చేవారం విప్పుతా.